పేరు చెక్కిన ఆట: కానుకల వర్తకమున లాభనష్టములు



మన తీరగ్రామముల యువకులు కొందరు చదువు ముగించి, కానుకగా ఇచ్చుటకు వీడియో గేములను పేరు పేరున చేసి అమ్మదలచినారు. అందులకు మన నిధినుండి అప్పు కోరుచున్నారు. ఇది నిలుచు వర్తకమా యని విచారించుట మన విధి.

మృచ్ఛకటికమున రోహసేనుడు బంగారు బండికై యేడ్వగా, వసంతసేన తన నగలతో వాని మట్టిబండిని నింపినది. ఇచ్చినవారి మనస్సే కానుకకు వెల. బాలుని పేరు, వాని రూపము, మైపాడు ఒడ్డున పడవ, పిలుచుచున్న అవ్వ గొంతు ఆటలో నున్నచో విదేశమందలి మనుమనికి అంతకు మించిన కానుక యేమి గలదు? తెలుగు గొంతు మనవారికి సహజమైన బలము.

అయినను ప్రేమ వేరు, లెక్క వేరు. ఒక ఆటను కట్టుటకు మూడు నెలలు పట్టునని, నెలకు 30,000 రూపాయల కూలి యని అనుకొందము. 90,000 అగును. ప్రతివానికి క్రొత్త ఆట కట్టినచో కొనువాడు దొరకడు. కనుక పడుగు ఒక్కటే యుంచి పేక మార్చవలెను. లండనులో 2012లో మొదలైన లాస్ట్ మై నేమ్ సంస్థ (నేటి వండర్‌బ్లై) బాలుని పేరులోని అక్షరములనుబట్టి కథలు కూర్చి పుస్తకములమ్మినది. కథలు ముందే సిద్ధము, కూర్పు మాత్రమే క్రొత్తది.

అట్లే మూలక్రీడ యొకటి కట్టి, 1,500 రూపాయలకు అమ్మెదమనుడు. పేరు, రూపము, గొంతు కూర్చుటకు ఒక దినము పట్టినచో కూలి 1,000 పోగా 500 మిగులును. 180 అమ్మినగాని పెట్టుబడి తీరదు. కూర్పు అరదినమునకు తగ్గినచో 1,000 మిగులును, 90 చాలును. ఈ వర్తకపు గుట్టంతయు కూర్పుకాలముననే యున్నది.

మరి మూడు మాటలు. గోడో వంటి ఉపకరణములు ఉచితముగా దొరకుచున్నవి గనుక తల్లి మెడలోని బంగారము తాకట్టు పెట్టనక్కరలేదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము 18 ఏండ్లు నిండనివారి సమాచారమునకు తలిదండ్రుల అనుమతిని విధించినది. పిల్లల చిత్రములను ఆ అనుమతి లేక తీసికొనరాదు. పందెపు టాటల జోలికి పోరాదు; 2025 నాటి కేంద్రచట్టము ధనము ఒడ్డు ఆన్‌లైన్ ఆటలను నిషేధించినది.

కావున మా సూచన యిది: యువకులు ముందుగా ఒక చిన్న మూలక్రీడ చేసి, బంధువులు కాని పదిమందికి పైకము పుచ్చుకొని అమ్మవలెను. ఒక్కొక్క కూర్పునకు ఎన్ని గంటలు పట్టెనో వ్రాసి చూపవలెను. ఆ లెక్క సరిపడినచో నిధి అప్పీయవచ్చును. సరిపడనిచో వారు కోల్పోవునది కొన్ని నెలల శ్రమయే గాని ఇల్లు గాదు. నిధి పేదబాలుర చదువుకై కూడిన సొమ్ము. దానిని ఉత్సాహమునకు గాక లెక్కకు అప్పగింతము.