రేసు పావురాలు: జంటగా ఉంచాలా, విడదీయాలా? న్యాచురల్ వర్సెస్ విడోహుడ్

పోయిన ఎపిసోడ్‌లో హోమర్ పావురం వందల కిలోమీటర్ల దూరం నుంచి ఇంటి దారి ఎలా పడుతుందో మాట్లాడుకున్నాం కదా. సూర్యుడు, భూమి అయస్కాంత శక్తి, వాసనలు, కింద కనిపించే రోడ్లు, ఇవన్నీ దానికి పనికొస్తాయని చెప్పాను. ఆ వీడియో చూసి చాలామంది అడిగింది ఒకటే: "అన్నా, దారి తెలుసు, ఓకే. కానీ అంత స్పీడ్‌గా ఎందుకు రావాలి? దానికేం తొందర?"

మంచి ప్రశ్న. ఈ రోజు మొత్తం ఆ తొందర గురించే.

పావురానికి కప్పు తెలీదు, ప్రైజ్ మనీ తెలీదు. దానికి తెలిసింది గూడు, జోడీ, గుడ్లు, పిల్లలు. అంతే. ఆ ప్రేమను పట్టుకునే దాన్ని రేసుకు రెడీ చేస్తారు. దానికి ముఖ్యంగా రెండు పద్ధతులున్నాయి. ఒకటి న్యాచురల్, రెండోది విడోహుడ్. రెండింట్లో ఏది బెటర్ అని పెంపకందార్లు ఏళ్ల తరబడి వాదించుకుంటూనే ఉన్నారు.

ముందు ఒక క్లారిటీ. హైదరాబాద్ పాతబస్తీలో కబూతర్‌బాజీ చూసుంటారు. మిద్దె మీంచి ఎగరేస్తే గంటల కొద్దీ అక్కడే పైన తిరిగే పావురాలు. అది వేరే ఆట. మనం మాట్లాడే ఆటలో పావురాన్ని బుట్టలో పెట్టి దూరం తీసుకెళ్లి వదిలేస్తారు, అది సొంత గూటికి రావాలి. ఈ ఆట ఇప్పుడున్న రూపంలో 19వ శతాబ్దంలో బెల్జియంలో పెరిగింది. మన దేశంలో దీనికి పెద్ద అడ్డా చెన్నై. 2015లో వచ్చిన ధనుష్ 'మారి' సినిమా గుర్తుంది కదా, అందులోనూ పావురాల పందెం ఉంటుంది.

ఇందులో గెలుపు ఎలా లెక్కేస్తారో కూడా చూద్దాం. అందరి ఇళ్లూ ఒకే చోట ఉండవు, కాబట్టి ముందు ఎవరిది వచ్చింది అని చూస్తే అన్యాయం. వదిలిన చోటు నుంచి మీ గూటికి ఉన్న దూరాన్ని, పట్టిన నిమిషాలతో భాగిస్తారు. ఉదాహరణకు 300 కిలోమీటర్లు, 250 నిమిషాలు. అంటే నిమిషానికి 1,200 మీటర్లు, గంటకు 72 కిలోమీటర్లు. ఇప్పుడు అదే పావురం ఇంటికొచ్చి, లోపలికి రాకుండా మిద్దె మీద 5 నిమిషాలు కూర్చుందనుకోండి. నిమిషానికి 1,176 మీటర్లకు పడిపోతుంది. దారంతా కష్టపడి సంపాదించింది గుమ్మం దగ్గర పోయినట్టే. ఈ 5 నిమిషాలు గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాను.

ఇప్పుడు న్యాచురల్ పద్ధతి. పేరులోనే ఉంది. మగ, ఆడ జంటగా గూట్లోనే ఉంటాయి. జత కట్టిన 8 నుంచి 10 రోజులకు మొదటి గుడ్డు, ఇంచుమించు 2 రోజుల తేడాతో రెండోది. తర్వాత 17, 18 రోజులు పొదుగుతాయి. ఇద్దరూ షిఫ్టుల్లో పొదుగుతాయి, తెలుసా? పొద్దున ఎండెక్కాక నుంచి సాయంత్రం దాకా మగది, మిగతా టైమ్, రాత్రంతా ఆడది. పిల్ల పుట్టాక ఇద్దరి గొంతు సంచిలోనూ పాలలాంటిది తయారవుతుంది. తల్లికే కాదు, తండ్రికీ! మొదటి కొన్ని రోజులు పిల్లలకు అదే ఆహారం.

ఇప్పుడు రేసు. గుడ్ల మీద పది పన్నెండు రోజులుగా కూర్చున్న ఆడ పావురానికి ఇంటికి రావాలనే తపన గట్టిగా ఉంటుంది. గూట్లో చిన్న పిల్ల ఉంటే కొన్నిటికి ఇంకా ఎక్కువ. మగదానికైతే ఇంకో టైమ్ ఉంది. గుడ్లు పెట్టే ముందు అది ఆడదాన్ని ఒక్క క్షణం వదలకుండా గూటి వైపు తరుముతూ ఉంటుంది. ఆ రోజుల్లో చిన్న దూరాల రేసుకు పంపితే దూసుకొస్తుందని పెంపకందార్లు చెప్తారు.

కాబట్టి ఇక్కడ అసలు పని క్యాలెండర్‌తో. మన సాఫ్ట్‌వేర్‌వాళ్లం రిలీజ్ డేట్ నుంచి వెనక్కి లెక్కేసుకుంటాం కదా, అచ్చం అలాగే. రేసు రోజుకు పిల్ల వయసు 4 రోజులు ఉండాలంటే, జత కట్టడానికి 10, రెండో గుడ్డుకు 2, పొదగడానికి 17, పిల్లకు 4. మొత్తం 33 రోజులు. అంటే దాదాపు 5 వారాల ముందే ప్లాన్ ఉండాలి.

ఇందులో లాభాలు: మగది, ఆడది రెండూ రేసుకు వెళ్తాయి. 10 జంటలుంటే చేతిలో 20 పావురాలు. అదనపు గూళ్లు అక్కర్లేదు. దూరం ఎక్కువైన రేసుల్లో గుడ్ల మీద ఉన్న ఆడవాటికి మంచి పేరుంది.

ఇబ్బంది ఏంటంటే, ఆ పీక్ ప్రతి వారం రాదు. ఈ వారం అదిరిపోయిన పావురం వచ్చే వారం మామూలుగా ఉండొచ్చు. రెండింటినీ ఒకేసారి పంపితే గుడ్లు చల్లబడిపోతాయి. పైగా పిల్లలున్నప్పుడు ఒకటి తిరిగి రాకపోతే, మిగిలినది ఒక్కటే వాటిని సాకాలి. ఇంకొకటి, సీజన్ నడుస్తుండగానే రెక్క ఈకలు రాలడం మొదలవుతుంది. ఒక్కో రెక్కకు పెద్ద ఈకలు 10 ఉంటాయి, అవి వరసగా రాలి కొత్తవి వస్తాయి. అదే టైమ్‌లో రేసు అంటే, రెక్కలో ఖాళీతో ఎగరాలి.

ఇప్పుడు విడోహుడ్. మాటకు మాట తెలుగులో చెప్తే వైధవ్యం. వినడానికే అదోలా ఉంది కదా? నిజానికి ఇక్కడ జోడీ ఎవరూ చావలేదు. వారమంతా దూరంగా ఉంచి, రేసు రోజు కలుపుతారు. మన భాషలో దీనికి చక్కటి మాట ఉంది, విరహం. నన్నడిగితే దీన్ని విరహం పద్ధతి అనాలి.

ఎలా చేస్తారంటే, సీజన్ ముందు జంట కట్టించి, చాలామంది ఒక విడత పిల్లల్ని కూడా పెంచనిస్తారు. రెండో విడత గుడ్ల మీద కొన్ని రోజులు కూర్చోనిచ్చి, గుడ్లు తీసేసి, ఆడదాన్ని వేరే చోటికి మారుస్తారు. మగది మాత్రం తన గూట్లోనే ఉంటుంది. ఆ గూడు దాని సొంత సామ్రాజ్యం. రేసుకు బుట్టలో పెట్టే ముందు కొన్ని నిమిషాలు ఆడదాన్ని చూపిస్తారు. కొంతమంది అది కూడా చూపించరు, దానికి అలవాటైపోయి ముందే అర్థమైపోతుంది. తిరిగొచ్చేసరికి ఆడది గూట్లో ఎదురుచూస్తూ ఉంటుంది. చిన్న రేసైతే ఓ గంట కలిసి ఉండనిస్తారు, కష్టమైన రేసైతే ఇంకా ఎక్కువసేపు. తర్వాత మళ్లీ విరహం.

ఇప్పుడు ఆ 5 నిమిషాల సంగతి. విడోహుడ్ మగది వచ్చిందంటే మిద్దె మీద కూర్చుని కబుర్లు చెప్పదు, తిన్నగా గూట్లోకే. చాలామంది ఈ పద్ధతి వల్ల పావురం రెక్కల బలం పెరిగిపోతుంది అనుకుంటారు. నాకు అర్థమైనంతలో దీని అసలు బలం వేరే. ఒకే పావురం, ఒకే మూడ్, వారం వారం. గుడ్లు, పిల్లలు అనే లెక్క లేదు, గొంతులో పాలు లేవు, ఈకలు రాలడం కూడా ఆలస్యమవుతుంది. మేత కూడా ఒక పద్ధతిగా ఇవ్వొచ్చు. వారం మొదట్లో బార్లీ లాంటి తేలిక గింజలు, రేసు దగ్గరపడేకొద్దీ మొక్కజొన్న లాంటి బలమైనవి.

మరి ధర ఏంటి? మొదటిది, పాత పద్ధతి విడోహుడ్‌లో మగవే రేసుకు వెళ్తాయి. 10 జంటలున్నా చేతిలో 10 పావురాలే. ఆడవాటికి వేరే గూడు కావాలి. వాటన్నిటినీ ఒకచోట పడేస్తే, ఆడవి ఆడవే జత కట్టి గుడ్లు పెట్టేస్తాయి. ఆ తర్వాత మగదాని మీద ఆసక్తి తగ్గుతుంది. రెండోది, మీ టైమ్. పొద్దున, సాయంత్రం ఎగరనివ్వాలి, మిగతా టైమ్‌లో గూడు ప్రశాంతంగా ఉండాలి. ఫ్రెండ్స్‌ని తీసుకొచ్చి రీల్స్ తీస్తే కుదరదు.

మూడోది అన్నిటికంటే ముఖ్యం. ఈ పద్ధతి మొత్తం ఒక మాట మీద నడుస్తుంది. నువ్వు వస్తే నీ జోడీ ఉంటుంది, అన్న మాట. మీరు ఆఫీస్‌లో ఇరుక్కుపోయి, ఆడదాన్ని గూట్లో పెట్టడం మర్చిపోయారనుకోండి. అది వందల కిలోమీటర్లు ఎగిరొచ్చి చూస్తే గూడు ఖాళీ. ఇలా మళ్లీ మళ్లీ జరిగితే అది ఎందుకు తొందరపడాలి? పావురం తన మాట నిలబెట్టుకుంది. నిలబెట్టుకోనిది మనం.

ఆడవాటిని తక్కువ చేసేవాళ్లకు ఒక్క విషయం. 2020 నవంబర్‌లో ఆన్‌లైన్ వేలంలో 'న్యూ కిమ్' అనే బెల్జియం పావురం 16 లక్షల యూరోలకు అమ్ముడుపోయింది. అది ఆడ పావురమే. ఇప్పుడు డబుల్ విడోహుడ్ కూడా ఉంది. అంటే జంటను వారమంతా విడదీసి, రెండింటినీ రేసుకు పంపి, ఇంటికొచ్చాక కలుపుతారు. అక్కడ ఆడవీ పోటీలో ఉంటాయి. కాకపోతే ఒకటి వచ్చి ఇంకొకటి రాకపోతే, వచ్చినదానికి గూడు ఖాళీయే.

సరే, ఫైనల్‌గా ఏది మంచిది? చిన్న, మధ్య దూరాల రేసులు వారం వారం ఆడాలి, పొద్దున సాయంత్రం టైమ్ ఉంది, ఆడవాటికి వేరే గూడు ఉంది అంటే విడోహుడ్. జంటలు తక్కువ, చోటు తక్కువ, సీజన్‌లో ఒకటి రెండు పెద్ద రేసులే టార్గెట్ అంటే న్యాచురల్. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నా సలహా, మొదటి ఏడాది న్యాచురలే. ఎందుకంటే అందులో మీరు పావురాన్ని చదవడం నేర్చుకుంటారు. ఏది గుడ్ల మీద గట్టిగా కూర్చుంటుంది, ఏది పిల్ల కోసం తపిస్తుంది, ఏది గూటి కోసం కొట్లాడుతుంది, ఇవన్నీ కళ్ల ముందే కనిపిస్తాయి. అది తెలియకుండా విడదీస్తే, దేన్ని దేని నుంచి విడదీస్తున్నారో కూడా మీకు తెలీదు.

ఇంకో మాట. ఏ పద్ధతైనా అలసిపోయిన పావురాన్ని, జబ్బుగా ఉన్నదాన్ని, ఈకలు సరిగా లేనిదాన్ని బుట్టలో పెట్టొద్దు. దానికి ప్రేమ ఎక్కువుంటే ప్రమాదం కూడా ఎక్కువే. మన ఎండల్లో, డేగలున్న దారిలో, ఒంట్లో శక్తి లేకపోయినా అది ఇంటి కోసం ఎగురుతూనే ఉంటుంది. ఆగాలో వద్దో దాని తరఫున ముందే ఆలోచించాల్సింది మనమే.

మీ మిద్దె మీద ఎన్ని జంటలున్నాయి, ఏ పద్ధతిలో పెంచుతున్నారు, కామెంట్స్‌లో రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో ఈకలు రాలే సీజన్‌లో మేత ఎలా ఉండాలో చూద్దాం. అప్పటిదాకా ఉంటాను మరి, బై ఫ్రెండ్స్!