పెట్టెలో గుడ్డకి ఈ ఏడాది లెక్క రాశాం



మా సంఘంలో నలుగురికి కుట్టుమిషన్లున్నాయి. అప్పు తీసుకుని కొన్నవే. సంక్రాంతికీ పెళ్ళిళ్ళకీ మిషను ఆగదు. ఆషాఢం వచ్చినా, మూఢం వచ్చినా పెళ్ళిళ్ళుండవు, బేరాలూ ఉండవు. అప్పు వాయిదా మాత్రం ఆగదు కదా!

మరి మన పెట్టెల్లో చూస్తే, పేరంటాలకి పెట్టిన జాకెట్టు ముక్కలు, శ్రావణ మాసంలో వాయినంతో వచ్చినవి ఎన్నో ఉంటాయి. కొన్ని మళ్ళీ ఇంకొకరికి పెట్టేస్తాం, కొన్ని అడుగునే ఉండిపోతాయి. బండారులంక నేత చీర అంచు దగ్గర చిరిగితే కట్టుకోం. కానీ మిగతా గుడ్డ గట్టిగానే ఉంటుంది. అదంతా మన డబ్బే.

బ్యాంకు లింకేజీకి ఎంసీపీ రాసేటప్పుడు ఏం కావాలి, ఎంత కావాలి, ఎప్పుడు తీరుస్తాం అని రాస్తాం. కుట్టుపనికీ అలాగే రాయాలనుకున్నాం. "ఈ ఏడాది బాగా కుట్టాలి" అంటే అది లక్ష్యం కాదు. ఎన్ని, ఎప్పటికి అని ఉండాలి. అందుకే మినిట్స్ పుస్తకంలో నాలుగు రాసుకున్నాం.

ఒకటి. ఉగాదిలోగా ప్రతి సభ్యురాలూ పెట్టె ఖాళీ చేసి ముక్కలు లెక్కపెట్టాలి. మనది సముద్రపు గాలి తగిలే ఊరు, గుడ్డకి చెమ్మ పడుతుంది. ఎండలో వేసి, మడత దగ్గర రెండు చేతులా లాగి చూడాలి. చిరిగిందా, అది బొంతకి. నిలబడిందా, జాకెట్టుకి. నూలు గుడ్డయితే ముందు నీళ్ళలో తడిపి ఆరేశాకే కత్తెర పెట్టాలి. లేకపోతే కుట్టాక కుంచించుకుపోద్ది.

రెండు. మిషనున్న వాళ్ళు నెలకి రెండు, ఆషాఢపు అదనంతో కలిపి ఏడాదికి 26. పది అనుకుని మానేసేకన్నా రెండు అనుకుని కుట్టడం మేలు. ఆషాఢంలో మాత్రం నాలుగు. శ్రావణంలో కొత్త ముక్కలు వచ్చేలోగా పాతవి తగ్గాలి. మిషను లేని వాళ్ళు ముక్క ఇస్తే కూలి సంఘంలో వాళ్ళకే వస్తుంది.

మూడు. పెద్దవాళ్ళ కాగితం కటింగులు దాచాలి. మా సంఘంలో ఒక పెద్దావిడ బుట్ట చేతులకీ, కాలరు మెడకీ, పిల్లల గౌన్లకీ పాత పేపర్ల మీద కత్తిరించి, దారానికి గుచ్చి ఉంచారు. కాగితం మడతల దగ్గర ఊడిపోతోంది, ఆవిడకి కళ్ళు ఆనట్లేదు. బుట్ట చేతులేమో పిల్లలు మళ్ళీ అడుగుతున్నారు. ఆవిడ చెప్పగలిగినప్పుడే అట్ట మీదకి దించుకోవాలి. నెలకొకటి దించి, దాని మీద కొలతలు రాయాలని తీర్మానించాం.

పాత కటింగు ఉన్నదున్నట్టు వాడకూడదు. కటింగు 34 ఛాతీకి ఉండి, మనిషి 38 అయితే తేడా నాలుగు అంగుళాలు. ముందు రెండు భాగాలకీ, వెనక రెండు భాగాలకీ పక్క కుట్టు దగ్గర ఒక్కో అంగుళం కలపాలి. మెడ మాత్రం అలా పెంచకూడదు, జారిపోద్ది. బుట్ట చేతులకి గుడ్డ ఎక్కువ పడుతుంది. 80 సెంటీమీటర్ల ముక్క చాలకపోతే చేతులకి వేరే రంగు ముక్క వేసుకోవచ్చు.

నాలుగు. రాసుకున్న లెక్క అయ్యేదాకా ఇంట్లోకి కొత్త జాకెట్టు గుడ్డ కొనకూడదు. లైనింగు, దారం, హుక్సులు కొనుక్కోవచ్చు. ఆడపిల్ల పెళ్ళికి ఈ నియమం లేదు.

నెల సమావేశంలో పొదుపు, వాయిదాలు అయ్యాక ఎవరు ఎన్ని కుట్టారో చదువుతాం. తక్కువైతే జరిమానా లేదు. ఎందుకు తగ్గిందో అడుగుతాం. ఒంట్లో బాగోకపోతే ఆ ముక్క ఇంకొకరు కుడతారు.

దీంతో అప్పంతా తీరిపోద్దని మేం చెప్పట్లేదు. బేరాల్లేని నెలల్లో కూడా నాలుగు రూపాయలు చేతికొస్తాయి, పెద్దావిడ పనితనం ఊళ్ళో ఉంటుంది. మీ సంఘాల్లో కూడా ఇంటికెళ్ళి ముందు పెట్టె తీసి లెక్కపెట్టండి, ఆ అంకె వచ్చే సమావేశంలో రాయించండి. పాత కటింగులున్న పెద్దవాళ్ళు ఎవరింట్లో ఉన్నా మాకు చెప్పండి, అట్టలు తెచ్చుకుని మేమే వస్తాం.