టికెట్ లేని తోటి ప్రయాణికుడు: పౌరుని బాధ్యత ఎంతవరకు?

ముంబయి మహానగరంలో తెలుగువారి నివాసం నిన్న మొన్నటిది కాదు. కామాఠిపురాకు ఆ పేరు రావడానికి కారణం తెలంగాణ ప్రాంతం నుండి వచ్చి ఈ నగరపు కట్టడాలలో పనిచేసిన కామాఠీ కూలీలు. ఆ తరువాత పద్మశాలీలు వచ్చి వర్లీ, లోయర్ పరేల్ ప్రాంతాల బట్టల మిల్లులలో స్థిరపడ్డారు. పనికోసం వచ్చే కుటుంబాలు నేటికీ వస్తూనే ఉన్నాయి. వీరిలో అధికులకు నగరంతో రోజువారీ సంబంధం లోకల్ రైలులోనో, బెస్ట్ బస్సులోనో ఏర్పడుతుంది. అందుచేత ప్రయాణానికి చెందిన ఒక చిన్న ప్రశ్నను ఇక్కడ విచారించడం ఉచితం.

ప్రశ్న ఇది. ఒక ప్రయాణికుడు తన టికెట్ తాను కొని బస్సులో కూర్చున్నాడు. ఎదుట నిలబడిన అపరిచితుడు కండక్టర్ దగ్గరకు వచ్చినపుడు ముఖం తిప్పుకొని, తరువాతి స్టాపులో నిశ్శబ్దంగా దిగిపోయాడు. లేదా స్టేషన్ వంతెనపై టీసీ నిలబడి ఉండడం చూసి వెనుదిరిగి పట్టాలు దాటిపోయాడు. ఇది కళ్లారా చూసినవాడు ఏమి చేయాలి? అధికారికి చెప్పాలా, ఊరకుండాలా?

ఈ ప్రశ్నకు జనంలో రెండు సమాధానాలు వినిపిస్తాయి. "మనకెందుకు?" అనేది మొదటిది. "దొంగను చూసి ఊరుకున్నవాడూ దొంగే" అనేది రెండవది. రెండింటిలోనూ కొంత సత్యం ఉంది. రెండింటిలోనూ ప్రమాదం ఉంది.

ముందుగా రెండవ వాదానికి న్యాయం చేయాలి. బెస్ట్ ఎవరో దూరపు యజమాని సొత్తు కాదు. 1926 జూలై 15న నగరంలో తొలి బస్సు నడిచింది. 1947 ఆగస్టు 7న ఆ సంస్థ నగరపాలక సంస్థ అధీనంలోకి వచ్చింది. నాటి నుండి అది పౌరుల ఉమ్మడి ఆస్తి. టికెట్ ఎగవేసినవాడి భారం ఎక్కడికీ పోదు. అది టికెట్ కొన్నవాడి మీదనే పడుతుంది. ఇటీవలి సంవత్సరాలలో సంస్థ సొంత బస్సులు తగ్గి, అద్దె బస్సుల వాటా పెరిగింది. స్టాపులో నిరీక్షణ పెరిగింది. 2025 మేలో సాధారణ బస్సు కనీస ఛార్జీ 5 రూపాయల నుండి 10 రూపాయలకు, ఏసీ బస్సు కనీస ఛార్జీ 6 రూపాయల నుండి 12 రూపాయలకు పెరిగింది. నెలకు 25 పనిదినాలు రానుపోను బస్సెక్కే కూలీకి కనీస ఛార్జీ లెక్కననే 500 రూపాయలు అవుతుంది. అంత మొత్తం ఇంటిఖర్చులో తగ్గించుకొని నిజాయితీగా చెల్లించేవాడికి, పక్కవాడు నవ్వుతూ ఉచితంగా దిగిపోవడం చూస్తే కడుపు మండడం సహజం. ఆ మంట అసూయ కాదు. సమానత్వం కోరే మనసుకు కలిగే బాధ అది.

అయితే తప్పు జరిగిందని బాధపడడం ఒకటి, ఫలానా మనిషి తప్పు చేశాడని నిర్ణయించడం మరొకటి. ఈ భేదాన్ని చట్టం స్వయంగా పాటించింది. 1989 నాటి రైల్వే చట్టంలో టికెట్ లేని ప్రయాణానికి రెండు వేర్వేరు సెక్షన్లు ఉన్నాయి. 137వ సెక్షన్ మోసగించే ఉద్దేశంతో ప్రయాణించినవాడికి చెందినది. దానికి 6 నెలల వరకు జైలు గాని, 1,000 రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని విధించవచ్చు. 138వ సెక్షన్ ఏ కారణం చేతనైనా సరైన టికెట్ చూపలేకపోయినవాడికి చెందినది. అతడు మామూలు ఛార్జీతో పాటు, అంతే మొత్తమో 250 రూపాయలో, ఏది ఎక్కువైతే అది అదనంగా చెల్లించాలి. 55వ సెక్షన్ ప్రకారం, అధికారం గల రైల్వే ఉద్యోగి అనుమతి పొంది, ఛార్జీ తరువాత చెల్లించే షరతుపై ప్రయాణించే వీలు కూడా ఉంది. మోసగాడు వేరు, టికెట్ లేనివాడు వేరు అని చట్టమే గుర్తించినపుడు, అయిదు నిమిషాల సహప్రయాణంలో ఒక అపరిచితుని మనసులోని ఉద్దేశాన్ని మరొకరు ఎలా తేల్చగలరు?

కంటికి కనిపించేది నేడు మరీ తక్కువ. ఒకప్పుడు టికెట్ అంటే చేతిలోని కాగితం ముక్క. ఇప్పుడది చాలామందికి ఫోనులో ఉంటుంది, లేదా కార్డులో ఉంటుంది. కండక్టర్ వైపు చూడనివాడి జేబులో నెలపాసు ఉండవచ్చు. కొన్ని మార్గాలలో బస్సు ఎక్కకముందే స్టాపులో టికెట్ ఇస్తారు. మొదటి తరగతి పెట్టెలో మాసిన చొక్కాతో నిలబడినవాడికి ఆ తరగతి పాసు ఉండకూడదని ఎక్కడా లేదు. దుస్తులను చూసి, భాషను విని ఏర్పడే అనుమానం చాలాసార్లు ఆ మనిషిని గురించి కాక, చూసేవాడిని గురించే చెబుతుంది.

ఇక నియమాల వైవిధ్యం ఉంది. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుండి మహాలక్ష్మి పథకం కింద ఆ రాష్ట్ర మహిళలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ వంటి బస్సులలో ప్రయాణం ఉచితం. కర్ణాటకలో శక్తి పథకం అదే సంవత్సరం జూన్ 11న మొదలయింది. ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీశక్తి పథకం 2025 ఆగస్టు 15న వచ్చింది. మహారాష్ట్ర ఎస్టీ బస్సులలో 2023 మార్చి నుండి మహిళలకు సగం ఛార్జీ. 75 ఏళ్లు నిండినవారికి ఆ బస్సులలో ప్రయాణం ఉచితం. కాని ముంబయి బెస్ట్ బస్సులో మహిళలందరికీ ఉచిత ప్రయాణం లేదు. కరీంనగర్ నుండో, మహబూబ్‌నగర్ నుండో కొడుకు ఇంటికి వచ్చిన తల్లి ఆధార్ కార్డు చేతిలో పట్టుకొని, ఇక్కడి బస్సూ అలాంటిదేననుకొని కూర్చుంటే, ఆమె ఎగవేతదారు అవుతుందా? బోర్డు మీది మరాఠీ అక్షరాలు ఆమెకు రావు. కండక్టర్ అడిగినది అర్థం కాదు. అటువంటి వేళ వెనుక సీటులోనివారు "టికెట్ లేదు, దింపండి" అని అరిస్తే అది ధర్మం కాదు. "పెద్దమ్మా, ఈడ ఆడోళ్లకు బస్సు ఫ్రీ లేదు, టికెట్ తీసుకోవాలె" అని పక్కన చేరి మెల్లగా చెప్పడమే ధర్మం. ఆ ఒక్క మాటతో సంస్థకు రావలసిన ఛార్జీ వస్తుంది, ఆమె గౌరవమూ నిలుస్తుంది.

చట్టం సామాన్య పౌరుని నుండి ఏమి కోరుతున్నదో కూడా తెలుసుకోవాలి. 2024 జూలై 1 నుండి అమలులో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 33వ సెక్షన్‌లో, తెలిసిన వెంటనే పౌరుడు పోలీసులకు తెలపవలసిన నేరాల జాబితా ఉంది. హత్య, దోపిడీ, దొంగనోట్లు వంటి ఘోరనేరాలు అందులో ఉన్నాయి. టికెట్ లేని ప్రయాణం అందులో లేదు. కనుక చెప్పకపోయినవాడు చట్టరీత్యా దోషి కాడు. అదే సంహిత 40వ సెక్షన్ ప్రకారం, సాధారణ వ్యక్తి మరొకరిని పట్టి నిర్బంధించగలిగేది అతడు ప్రకటిత నేరస్థుడైనపుడు గాని, తన కళ్లయెదుట పోలీసులు వారంటు లేకుండా అరెస్టు చేయదగిన, బెయిలుకు వీలులేని నేరం చేసినపుడు గాని మాత్రమే. టికెట్ ఎగవేత ఆ కోవకు చెందదు. కనుక తోటి ప్రయాణికుని చొక్కా పట్టుకునే హక్కు, సంచి వెదికే హక్కు, ఫోను లాక్కునే హక్కు ఎవరికీ లేవు.

అధికారం గల రైల్వే ఉద్యోగికి సైతం చట్టం హద్దులు గీసింది. 139వ సెక్షన్ ప్రకారం టికెట్ లేనివారిని రైలు నుండి దింపవచ్చు. కాని పురుషుని తోడు లేని స్త్రీని గాని, బాలుని గాని ఎక్కడపడితే అక్కడ దింపరాదు. ప్రయాణం మొదలైన స్టేషనులోనో, జంక్షనులోనో, చివరి స్టేషనులోనో, జిల్లా కేంద్రపు స్టేషనులోనో మాత్రమే, అది కూడా పగటివేళనే దింపాలి. ఛార్జీ నష్టం కంటె మనిషి క్షేమం పెద్దదని శాసనకర్తలు భావించారు. కిక్కిరిసిన పెట్టెలో ఒకరు వేలు చూపితే పదిమంది చేతులు లేస్తాయి. ఆ చేతులకు సెక్షన్లు తెలియవు, హద్దులు తెలియవు. పరభాషా ప్రాంతంలో బ్రతికే వలసకూలీకి ఈ ప్రమాదం మరింత బాగా తెలియాలి. గుంపు అనుమానించడం మొదలుపెట్టినపుడు ముందుగా దాని చూపు పడేది యాస వేరైనవాడి మీదనే.

ఇంతమాత్రం చేత మౌనమే పౌరధర్మమని చెప్పడానికి వీలులేదు. తప్పక చెప్పవలసిన సందర్భాలు ఉన్నాయి. అవి ఒక నిస్సహాయుడు పది రూపాయలు ఎగవేసిన సందర్భాలు కావు. ఒకరు అనేకుల సొమ్మును క్రమంగా తినే సందర్భాలు.

మొదటిది, డబ్బు తీసుకొని టికెట్ ఇవ్వని కండక్టర్. "చిల్లర లేదు, ఊరికే కూర్చో" అని సగం డబ్బుతో సరిపెట్టడం ప్రయాణికునికి లాభంగా తోచవచ్చు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 178వ సెక్షన్‌లో టికెట్ లేని ప్రయాణికునికి 500 రూపాయల వరకు జరిమానా ఉన్నట్లే, ఛార్జీ వసూలు చేయని, టికెట్ ఇవ్వని, తక్కువ విలువ టికెట్ ఇచ్చిన కండక్టర్‌కు కూడా అంతే జరిమానా ఉంది. తనిఖీ వచ్చినపుడు మాత్రం చిక్కుకునేది చేతిలో టికెట్ లేని ప్రయాణికుడే. ఉచిత ప్రయాణం ఉన్న రాష్ట్రాలలో ఇచ్చే జీరో టికెట్‌కూ విలువ ఉంది. ప్రభుత్వం నుండి రవాణా సంస్థకు రావలసిన సొమ్ముకు ఆ టికెట్టే లెక్క. ఊరికి వెళ్లినపుడు దానిని అడిగి తీసుకోవడం మహిళా ప్రయాణికుల బాధ్యత.

రెండవది, నకిలీ పాసుల వ్యాపారం. తక్కువ ధరకు సీజన్ పాసు ఇప్పిస్తామని కార్మికుల వాడలలో తిరిగేవారిని గురించి సమాచారం ఇవ్వాలి. కొన్నవాడు చట్టం ముందు నిందితుడవుతాడు. అమ్మినవాడు పేట మార్చి మళ్లీ అమ్ముకుంటాడు.

మూడవది, నకిలీ టీసీ. గుర్తింపు కార్డు చూపమని అడిగే హక్కు ప్రతి ప్రయాణికునికీ ఉంది. జరిమానా కట్టినపుడు రశీదు తప్పక తీసుకోవాలి. రశీదు ఇవ్వకుండా సొమ్ము అడిగేవాడు నకిలీవాడైనా, అసలువాడైనా ఫిర్యాదుకు అర్హుడే. భాష రాని కొత్తవారిని ఎంచుకొని ఇటువంటివారు బెదిరిస్తారు. పక్కన ఉన్న తెలుగువాడు ఆ సమయంలో నోరు విప్పడం, టికెట్ లేనివాడిని పట్టించడం కంటె వేయిరెట్లు విలువైన సేవ.

నాలుగవది, వ్యవస్థలోని లోపం. టికెట్ యంత్రం పాడైపోవడం, కిటికీ మూసి ఉండడం, స్టాపులో టికెట్ ఇచ్చేవాడు లేకపోవడం వంటివి నిజాయితీపరుని చేత కూడా తప్పు చేయిస్తాయి. ఒక మనిషిని పట్టించితే ఒక ఛార్జీ వస్తుంది. పాడైన యంత్రాన్ని గురించి చెబితే ఆ స్టేషనులో ప్రతిరోజూ టికెట్ కొనలేకపోయినవారందరి ఛార్జీ వస్తుంది.

ఫిర్యాదు చేసే పద్ధతి కూడా ముఖ్యమే. రైలు విషయమైతే 139 నంబరుకు చెప్పవచ్చు, స్టేషన్ మాస్టర్‌కు వ్రాసి ఇవ్వవచ్చు. బస్సు విషయమైతే బస్సు నంబరు, మార్గం నంబరు, ఎక్కిన స్టాపు, సమయం వ్రాసుకొని డిపోలో తెలపాలి. చూసినది మాత్రమే చెప్పాలి, ఊహించినది చెప్పరాదు. అపరిచితుని ఫోటో తీసి పదిమందికి పంపడం ఫిర్యాదు కాదు. అది విచారణ లేని శిక్ష.

చివరగా, అపరిచితుల సంగతి కంటె ముందు ఆలోచించవలసినది పరిచితుల సంగతి. "టీసీ లేడు, పద" అని తండ్రి కొడుకు చేయి పట్టుకొని పట్టాలు దాటితే, ఆ బాలుడు టికెట్ ఎగవేతతో పాటు ప్రాణాపాయాన్ని కూడా నేర్చుకుంటాడు. అన్న పాసు తమ్ముడు వాడుకోవడం ఇంటివారికి పొదుపుగా కనిపిస్తుంది. పట్టుబడిననాడు మాత్రం ఒక దినపు కూలీ, ఒక్కొక్కప్పుడు ఉద్యోగం కూడా పోతుంది. ఇటువంటి చోట చెప్పడానికి ప్రతివారికీ అధికారం ఉంది, చనువూ ఉంది. ఊరి నుండి కొత్తగా వచ్చినవారికి గది చూపించిన రోజుననే టికెట్ ఎక్కడ కొనాలో, ఏ పెట్టె ఎక్కకూడదో, నెలపాసు ఎలా తీసుకోవాలో చూపించాలి. కులసంఘాలు, భజన మండళ్లు, పండుగ సమావేశాలు ఈ పనికి ఎంతో అనువైనవి.

తన టికెట్ తాను కొనడం, తనవారి చేత కొనిపించడం, తెలియనివారికి తెలియజెప్పడం, అనేకులను దోచేవారిని గురించి అధికారులకు చెప్పడం పౌరుని పని. అపరిచితుని టికెట్ అడగడం అధికారి పని. ఆ పని ఆయన సక్రమంగా చేయకపోతే, ఆ సంగతి వ్రాసి పైవారికి పంపే హక్కు టికెట్ కొన్న ప్రతి ప్రయాణికునికీ ఉంది.