తెర మీద చంద్రుడు, ఆకాశంలో చంద్రుడు

(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



కంప్యూటరు, ఇంటర్నెట్టు సాయంతో తరగతిలో పాఠం చెప్పడం గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు ఆజ్ఞాపించారు. నేను ఉర్దూ మీడియం బడిలో సైన్సు చెప్పుకునేవాణ్ణి, యంత్రాల పండితుణ్ణి కాను. ఇక్కడికి వస్తూంటే ఒక పెద్దాయన నన్ను ఆపి, "మాస్టర్ సాబ్, ఫోన్లతో పిల్లలు చెడిపోతున్నారని మేం మొత్తుకుంటుంటే, మీరు బడిలో కూడా అదే చూపిస్తామంటారేం?" అని అడిగారు. ప్రశ్న న్యాయమైనదే. జవాబు చెప్పేముందు నేను చేసిన తప్పొకటి మీ ముందు ఒప్పుకోవాలి.

2020 మార్చిలో కరోనా వల్ల బడులు మూతపడ్డాయి. అందరిలాగే నేనూ ఫోనులో పాఠాలు పంపాను. ఒక అమ్మాయి నుంచి వారాల తరబడి జవాబు లేదు. తరగతిలో ముందు బెంచీలో కూర్చునే పిల్ల. ఆమె పేరు ఎదురుగా "శ్రద్ధ లేదు" అని రాసుకున్నాను. బడి తెరిచాక పిలిచి కోప్పడ్డాను కూడా. పిల్ల తల వంచుకుంది కానీ నోరు విప్పలేదు. తర్వాత వాళ్ళమ్మ వచ్చి చెప్పింది: ఇంట్లో ఉన్నది ఒకటే ఫోను. తండ్రి ఆటో నడుపుతాడు, ఫోను ఆయన వెంట పోతుంది. రాత్రి పదింటికి ఇంటికొస్తే అన్న తీసుకుంటాడు. చెల్లెలి వంతు వచ్చేసరికి ఛార్జింగ్ ఉండదు, లేకపోతే నిద్ర వస్తుంది. శ్రద్ధ లేనిది ఆ పిల్లకు కాదు, కనుక్కోని నాకు.

ఆనాటి నుంచి నేనొక నియమం పెట్టుకున్నాను. ఇంట్లో ఫోను ఉంటేనే అర్థమయ్యే పాఠం చెప్పకూడదు. యంత్రం ఏదైనా తరగతి గదిలో, గోడ మీద, అందరూ కలిసి చూసేటట్లు ఉండాలి.

దానికి ఒక ఉదాహరణ చెబుతాను. ఎనిమిదో తరగతిలో చంద్రకళల పాఠం ఉంది. ఏళ్ళ తరబడి బోర్డు మీద సున్నాలు చుట్టి చెప్పాను. పిల్లలు అప్పజెప్పేవాళ్ళు. "నెలవంక సన్నగా ఎందుకుంటుంది?" అని అడిగితే మాత్రం సగం మంది "భూమి నీడ పడి" అనేవాళ్ళు. అది తప్పు.

స్టెల్లేరియం అని ఒక ప్రోగ్రాం ఉంది. 2000 ప్రాంతంలో ఫ్రాన్సు దేశస్థుడు ఫాబియన్ షెరో మొదలుపెట్టాడు. డబ్బు కట్టనక్కరలేదు. ఒకసారి కంప్యూటరులోకి దించుకుంటే నెట్టు లేకపోయినా నడుస్తుంది. మన ఊరు, తేదీ, గంట చెబితే అప్పటి ఆకాశం కనిపిస్తుంది. అడిగి తెచ్చిన ప్రొజెక్టరుతో గోడ మీద మన ఊరి సూర్యాస్తమయం చూపించాను. రోజుకొక అడుగు ముందుకు జరిపాను. చంద్రుడు సూర్యుడి నుంచి రోజూ సుమారు 12 డిగ్రీలు దూరం జరుగుతున్నాడు, ఇంచుమించు 50 నిమిషాలు ఆలస్యంగా అస్తమిస్తున్నాడు. వెలిగే అంచు ఎప్పుడూ సూర్యుడి వైపే ఉంది. అప్పుడొక కుర్రవాడు లేచి, "సార్, నెలవంక నాడు చాంద్ సూర్యుడి దగ్గరే ఉన్నాడు కదా. భూమి నీడ అటుపక్క పడుతుంది. మరి చాంద్ మీద ఎలా పడుతుంది?" అన్నాడు. పడదు! ఆ మాట నేను చెప్పలేదు, వాడే పట్టుకున్నాడు.

నెలకు సుమారు 29న్నర రోజులు కాబట్టి కొన్ని నెలలకు 29, కొన్నిటికి 30 వస్తాయనీ, ఏడాదికి 354 రోజులే కావడం వల్ల రంజాన్ ఏటా సుమారు 11 రోజులు ముందుకొచ్చి 33 ఏళ్ళలో రుతువులన్నీ తిరిగివస్తుందనీ ఆ గోడ మీదే లెక్క కట్టాం. చాంద్ కనిపించిందా లేదా అనే నిర్ణయం ఉలమాలది. నేను చెప్పింది లెక్క మాత్రమే అని పిల్లలకు స్పష్టంగా చెప్పాను.

ఆ తర్వాత కంప్యూటరు మూసి, పదిహేను సాయంత్రాలు మేడ మీదికో వీధిలోకో పోయి చంద్రుణ్ణి చూసి బొమ్మ గీయమన్నాను. ఒక నోటుబుక్కులో మూడు రోజులు ఖాళీగా ఉండి, "మబ్బు, కనబడలేదు" అని రాసి ఉంది. గోడ మీద చూసింది గుర్తు చేసుకుని గీసేయవచ్చు. గీయలేదు. నేను ఎక్కువ మార్కులు వేసింది ఆ పుస్తకానికే.

ఇదంతా మనకు పరాయి విద్య కాదు. హైదరాబాదులో నవాబ్ జఫర్ జంగ్ 1901లో సొంత డబ్బుతో దూరదర్శిని కొని వేధశాలకు పునాది వేశారు. 1908లో నిజాం ప్రభుత్వం దాన్ని స్వీకరించింది. అదే నిజామియా వేధశాల. ప్రపంచ దేశాలు కలిసి తయారుచేసిన నక్షత్రాల పట్టికలో దాని వంతు కూడా ఉంది.

ఇక నా మనవి మూడు మాటల్లో.

ఒకటి, మన సంఘం గది సాయంత్రాలు ఖాళీగానే ఉంటోంది. అందులో ఒక కంప్యూటరు, ఒక ప్రొజెక్టరు పెట్టించండి. వారంలో మూడు రోజులు ఆడపిల్లలకు కేటాయించి, చదువుకున్న ఒక అక్కను తోడు ఉంచండి.

రెండు, తోటి ఉపాధ్యాయులకు. ఉర్దూలో వీడియో దొరకలేదని ఆగకండి. శబ్దం తగ్గించి మీరే ఉర్దూలో చెప్పండి. పిల్లలు మధ్యలో ఆపి ప్రశ్న అడగడానికి కూడా వీలవుతుంది.

మూడు, తల్లిదండ్రులకు. ఇంట్లో ఒకటే ఫోను ఉంటే రోజూ ఒక గంట అమ్మాయికి ఇవ్వండి. అన్న వంతు కంటే ముందు ఇవ్వండి.

ఇందాకటి పెద్దాయనకు నా జవాబు ఇదే. ఒంటరిగా మూల కూర్చుని చూసే ఫోను గురించి మీ భయం నిజమే. నలుగురూ కలిసి చూసి, ప్రశ్న అడిగి, బయటికి పోయి కళ్ళారా సరిచూసుకునేటట్లు చేస్తే అదే యంత్రం చదువు చెబుతుంది. అలా చేయించే బాధ్యత మనది.

మన పిల్లల ఇల్మ్‌ను అల్లాహ్ వృద్ధి చేయుగాక. ఆమీన్. సెలవు.