నివాస మొక రాష్ట్రమున, ఉద్యోగ మొక రాష్ట్రమున
(వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



విద్యార్థివేతనములు, సంఘభవనము మొదలగు విషయములను గూర్చి పెద్దలు ప్రసంగించిన పిమ్మట పన్నుల ప్రస్తావన తెచ్చుట సభకు రుచింపకపోవచ్చును. అయినను అమెరికాయందలి మనవారిలో న్యూజెర్సీ రాష్ట్రమున నిల్లు గొని, రైలెక్కి న్యూయార్కు నగరమునకు బోయి పనిచేయువారు పెక్కుమంది గలరు. ఏప్రిల్ 15వ తేదీ సమీపించినపుడెల్ల వీరికి గలుగు చిక్కు చిన్నది కాదు.

ఆ దేశమున కేంద్రప్రభుత్వపు టాదాయపుపన్ను వేరు, రాష్ట్రముల పన్ను వేరు. స్వదేశమున జీతముపై ఆదాయపుపన్నును కేంద్రమున కొక్కదానికే చెల్లించి యలవాటుపడిన మనకు ఇది మొదట వింతగా దోచును. టెక్సాసు, ఫ్లారిడా మొదలగు కొన్ని రాష్ట్రములు జీతములపై పన్ను వేయవు. తక్కినవానిలో సామాన్యముగా నుండు సూత్ర మిది: నివసించు రాష్ట్రము మన యాదాయ మెచ్చట వచ్చినను దాని నంతయు లెక్కలోనికి దీసికొనును, పనిచేయు రాష్ట్రము తన హద్దులలో సంపాదించినదానిపై పన్ను గోరును. ఒకే డాలరునకు హక్కుదారు లిద్దరైరి. ఇందులకు విరుగుడు, పనిచేసిన రాష్ట్రమునకు గట్టిన పన్నును నివాసరాష్ట్రపు పన్నులో తగ్గించుట. అడుగనివారి కీ తగ్గింపు దానంతట రాదు.

ఇందు క్రమమే ముఖ్యము. ముందుగా న్యూయార్కునకు, నివాసేతరుల పత్రమగు ఐ.టి. 203ను సిద్ధపరుపవలెను. అందు దేలిన పన్నును బట్టియే పిమ్మట న్యూజెర్సీ పత్రమును నింపవలెను. మనవారు పలువురు చేయుచున్న పొరపాటు, యజమాని జీతమునుండి పట్టిన మొత్తమునే కట్టిన పన్నుగా వ్రాయుట. ఉదాహరణకు, ఉద్యోగరాష్ట్రమునకై పట్టినది 7,000 డాలర్లు, అచట నిజముగా దేలిన పన్ను 6,000, అదే యాదాయముపై నివాసరాష్ట్రపు పన్ను 6,500 అనుకొందము. మొదటి రాష్ట్రము 1,000 తిరిగి యిచ్చును. రెండవదానికి 500 కట్టవలెను. 7,000 కట్టితినని వ్రాసినవాడు ఆ 500 ఎగవేసినవా డగును. కొంతకాలమునకు వడ్డీతోను, జరిమానాతోను తాఖీదు వచ్చును. నివాసరాష్ట్రపు పన్ను 4,500 మాత్రమే యైనచో తగ్గింపును అంతవరకే. పైనున్న 1,500ను ఎవ్వరును మరల నీయరు.

ఈ తగ్గింపు కేవలము రాష్ట్రముల దయ యని తలంపరాదు. తన నివాసు లితరరాష్ట్రములకు గట్టిన పన్నునకు కౌంటీపన్నులో తగ్గింపు నీయని మేరీలాండు పద్ధతి రాజ్యాంగవిరుద్ధమని 2015లో అమెరికా సుప్రీముకోర్టు తీర్పు చెప్పినది. న్యాయమూర్తు లైదుగు రొకవైపు, నల్గురు వేరొకవైపు!

న్యూజెర్సీకిని పెన్సిల్వేనియాకును మాత్ర మొక ఒడంబడిక గలదు. జీతముపై పన్ను నివాసరాష్ట్రమునకే చెల్లును. యజమానికి ధ్రువపత్ర మిచ్చిన జాలును. అయితే ఫిలడెల్ఫియా నగరపు జీతపుపన్ను దీనిలో జేరదు.

ఇక నింటినుండి పనిచేయువారి సంగతి. 2020లో మహమ్మారి వచ్చినది మొదలు ఇది మనలో ననేకుల బాధ. ఉద్యోగి తన సౌకర్యముకొర కింట గూర్చుండి పనిచేసిన దినములను గూడ న్యూయార్కు తన దినములుగానే యెంచును. యజమాని యవసరముచేతనే యింట పనిచేయవలసివచ్చినదని ఋజువు చేయుట మిక్కిలి కష్టము. కనెక్టికటున నివసించుచు న్యూయార్కులో న్యాయశాస్త్రము బోధించిన జెలిన్స్కీ యను ఆచార్యుడు దీనిని ప్రతిఘటించి, 2003లో ఆ రాష్ట్రపు టత్యున్నత న్యాయస్థానమున నోడిపోయెను. న్యాయశాస్త్రాచార్యునికే యీ గతి! 2023లో న్యూజెర్సీయు, అట్టి నియమముగల రాష్ట్రములవారిపై ప్రతిగా తానును ఆ నియమమునే ప్రయోగించుచు శాసనము చేసెను. ఇంటి ముందటి వీధియు, బిడ్డల బడియు, పోలీసు రక్షణయు న్యూజెర్సీవి కాగా, ఆ యింట గడించినదానిపై పన్ను న్యూయార్కునకు బోవుట నాకు న్యాయముగా దోపదు. అయినను శాసనము మారువరకు దానిని పాటింపక తప్పదు.

ఒక కఠినమైన మాట చెప్పుదును, పెద్దలు మన్నింతురుగాక. కన్సల్టెన్సీ యుద్యోగములలోని కొందరు యువకులు, టెక్సాసులోని బంధువు నింటిని తమ చిరునామాగా వ్రాసి, వేరొక రాష్ట్రమున క్లయింటు కార్యాలయములో సంవత్సరము పొడుగున పనిచేయుచున్నారు. ఇది తెలివి గాదు, అసత్యము. పత్రమే దాఖలు చేయనిచో, సామాన్యముగా ఇన్నేండ్లలోపలనే పన్ను విధింపవలెనను గడువు ప్రభుత్వమునకు బట్టదు. పదేండ్లకైనను అడుగవచ్చును. అంతేకాక, పౌరసత్వమునకు బెట్టుకొను దరఖాస్తులో కేంద్ర, రాష్ట్ర, స్థానికపు పన్ను లేవైన బాకీ యున్నవా యను ప్రశ్న గలదు. కొన్నివేల డాలర్లకై యంతటి ప్రశ్నయెదుట తడబడవలసిన స్థితిని దెచ్చుకొనుట యెందులకు? ఏ దినమున నే రాష్ట్రమున పనిచేసితిమో చిన్న పుస్తకమున వ్రాసి, రైలు టిక్కెట్లను, హోటలు రసీదులను దాచినచో విచారణ వచ్చిననాడు అవియే సాక్ష్యములు.

కడపట నొక్క సంగతి. స్వగ్రామపు టింటి యద్దెయు, ఇచటి బ్యాంకు వడ్డీయు న్యూజెర్సీ నివాసి లెక్కలో జూపవలసినవే. వీనిపై భారతదేశమున పన్ను కట్టినను, ఆ రాష్ట్రము విదేశపు పన్నునకు తగ్గింపు నీయదు. దీనికి మరియొక యుపన్యాసమే కావలయును గావున ఇంతటితో విరమించుచున్నాను.