మూత్రపిండముల స్కానింగు కాగితము

(వార్షిక మహాసభయందలి యుపన్యాసము)



మన సంఘనిధినుండి వైద్యసహాయము గోరువారి దరఖాస్తులను పరిశీలించునపుడు మేమొక విషయము గమనించితిమి. మూత్రపిండముల అల్ట్రాసౌండు కాగితము చేతికి వచ్చినపుడు కొందఱు భయపడనక్కఱలేనిదానికి భయపడుచున్నారు. మఱికొందఱు భయపడవలసినదానిని పెట్టెలో దాచుచున్నారు. కావున దానిని గూర్చి నాలుగు మాటలు మనవి చేయుచున్నాము.

ఈ పరీక్ష చెవికి వినబడని ధ్వనితరంగముల ప్రతిధ్వనినిబట్టి పిండముయొక్క రూపమును జూపును. అది పనిచేయు తీరును జూపదు. పెద్దలకు పిండము నిడివి సాధారణముగా 9 మొదలు 12 సెంటీమీటర్ల వఱకు నుండును. ఎడమది కొంచెము పెద్దదైనను దోషము కాదు. ‘సింపుల్ సిస్టు’ అనగా నీటిబుడగ. 50 ఏండ్లు దాటినవారిలో సామాన్యము, ప్రాయికముగా నిరపాయము. 5 మిల్లీమీటర్లకు లోపలి రాయి పెక్కుమాఱులు మూత్రముతో దానంతట వెడలిపోవును. ‘హైడ్రోనెఫ్రోసిస్’ అన్నచో మూత్రమార్గమున నడ్డేర్పడి పిండము ఉబ్బినదేమోయని శంకింపవలెను. జ్వరము తోడైనచో నాడే వైద్యుని జూడవలెను. ‘ఎకోజెనిసిటీ పెరిగినది’ అనగా పిండము మామూలుకంటె తెల్లగా గానవచ్చినదని యర్థము. ఆ యొక్క మాటనుబట్టియే వ్యాధిని నిర్ణయింపరాదు. కాని రెండు పిండములును చిన్నవై యట్లుండెనేని వ్యాధి చిరకాలమునుండి యున్నదని తలంపవలెను.

శ్రీకాకుళము జిల్లా ఉద్దానమున నొప్పి యెఱుగకయే పిండములు క్షీణించినవారెందఱో కలరు. కారణము నేటికిని నిశ్చయముగా దేలలేదు. మేమెఱిగిన బాంధవుడొకడు ‘రెండును చిన్నవి’ యను కాగితమును, నొప్పి లేదుగదాయని, రెండేండ్లు చూరున జెక్కి యుంచెను. డయాలిసిస్ మొదలైన పిదప మనయొద్దకు వచ్చెను. మన మిచ్చినది దారిఖర్చులకే చాలినది.

కాగితము బాగున్నదన్నంతమాత్రమునను నిశ్చింత తగదు. మధుమేహము గలవారికి పిండము చెడుచుండినను నిడివి తగ్గక యుండవచ్చును. కావున రక్తమున క్రియాటినిన్, మూత్రమున ఆల్బుమిన్ పరీక్షలు చేయింపక తప్పదు. మధుమేహము, రక్తపుపోటు గలవారు వీనిని ఏటేట చేయించుకొనవలెను. వైద్యుడు చెప్పక నొప్పిమాత్రలు మ్రింగరాదు.

పోషకులారా! మన నిధి చివరిదశయందు చాలదు, మొదటిదశయందు చాలును. అందొక భాగమును ఈ రెండు పరీక్షలకై ప్రత్యేకింపుడని ప్రార్థించుచున్నాము.