లండనులో పై భోజనం

విదేశయాత్ర విశేషాలు చెప్పమని కార్యదర్శిగారు ఆదేశించారు. కోటలూ వంతెనలూ మీరంతా టీవీలో చూసినవే కనుక ఒక్క మధ్యాహ్న భోజనం సంగతి చెబుతాను.

2023 వేసవిలో లండనులో మా అబ్బాయి దగ్గర ఉన్నాను. ఇరవై రెండేళ్లు నా పక్క సీటులో పనిచేసిన మిత్రుడు, భార్య పోయాక, ఆ ఊళ్లోనే కొడుకు దగ్గర ఉంటున్నాడు. ఫోన్ చేస్తే "రేపు బయట భోంచేద్దామోయ్" అని టవర్ బ్రిడ్జి రోడ్డులోని మాంజీ వారి పై దుకాణానికి తీసుకెళ్లాడు.

పై అనగానే మనకు పై అధికారే గుర్తొస్తాడు గానీ ఇది తినే వస్తువు. గోధుమపిండి పెంకులో కూరి కాల్చిన పెద్ద కజ్జికాయ అనుకోండి, తీపి ఉండదు. 1902లో ఇటలీ కుటుంబం ఒకటి ఆ దుకాణం చేపట్టింది. తెలుపు, ఆకుపచ్చ పెంకుల గోడలు, పాలరాతి బల్లలు, ఇరుకు చెక్క బెంచీలు. కూలీనాలీ జనం చవగ్గా కడుపు నింపుకోవడానికి పుట్టిన తిండి ఇది. ఒకప్పుడు థేమ్సు నదిలో దొరికే ఈల్ చేపలు పెట్టేవారట. తర్వాత గొడ్డుమాంసం ఖీమా వచ్చింది. మాంసం లేనిదీ ఉంది. మా ఇద్దరికీ అదే చెప్పాడు.

బోర్డుమీద "లిక్కర్" అని చూసి ఉలిక్కిపడ్డాను. "కంగారుపడకు, మందు కాదు" అని నవ్వాడు. పార్స్లీ అనే ఆకు వేసి కాచే ఆకుపచ్చ పులుసట. పూర్వం ఈల్ చేపలుడికిన నీళ్లతోనే కాచేవారు. ఉడికించి మెదిపిన బంగాళాదుంప ముద్దను పళ్లెం అంచున గీకినట్టు పెట్టి, పై మీద ఈ పులుసు పోస్తారు. నా నోటికి చప్పగానే ఉంది. బల్లమీదున్న మిరపకాయల వెనిగర్ దండిగా పోసుకున్నాక ముద్ద దిగింది.

వడ్డించే ఆవిడ మావాణ్ణి చూడగానే పలకరించింది. "వారానికోసారి వస్తాను. ఇంట్లో లోటని కాదు. కోడలు పాపం అన్నీ డబ్బాల్లో సర్ది, పేర్లు రాసి, ఫ్రిజ్జులో పెట్టి ఆఫీసుకెళుతుంది. వేడిచేసుకుని ఒక్కణ్ణే తింటాను. ఇక్కడైతే ఎదురుగా ఎవరో ఒకరు కూర్చుంటారు" అన్నాడు.

సగం తిన్నాక జేబులోంచి మడతపెట్టిన కాగితం తీశాడు. కాకినాడలో ఇల్లు అమ్మడానికి నా పేర రాసిన పవర్ ఆఫ్ అటార్నీ ముసాయిదా! కొడుకు అక్కడ ఇల్లు కొంటున్నాడట.

"డబ్బు అడిగాడా?"

"లేదు. అడక్కముందే ఇస్తే మర్యాదగా ఉంటుందని."

అలవాటు చొప్పున రెండుసార్లు చదివాను. "అంతా బాగానే ఉంది. నువ్వు మళ్లీ మన ఊరొస్తే ఎక్కడ దిగుతావో మాత్రం రాయలేదు" అన్నాను. అతను మాట్లాడలేదు. పళ్లెంలో పులుసు చల్లారి పొర కట్టింది.

ఆ అబ్బాయి మంచివాడే, అతన్ని నేను తప్పుపట్టను. అడగని డబ్బుకోసం ఉన్న గూడు అమ్మే తొందర మన వయసువాళ్లలోనే ఎక్కువ చూస్తున్నాను. "ఈ పని నేను చెయ్యను. అమ్మాలంటే నువ్వే వచ్చి, ఆ ఇంట్లో నాలుగు రోజులుండి, అమ్ముకో" అని కాగితం తిరిగిచ్చేశాను. కోపమొచ్చింది. బిల్లు మాత్రం నన్ను ఇవ్వనివ్వలేదు.

2024 సంక్రాంతికి వచ్చాడు. నెల్లాళ్లున్నాడు. కింది వాటా అద్దెకిచ్చి, మేడమీది గది తాళంచెవి మా ఇంట్లో ఉంచి వెళ్లాడు. కొడుకుతో ఏం మాట్లాడాడో నేనడగలేదు. నెలకోసారి వెళ్లి ఆ గది కిటికీలు తెరిచి, దుమ్ము దులిపి వస్తున్నాను.